ఆకుపచ్చ పట్టీ

యుద్ధం రోజుల్లో బాంబర్లు లేచిన రన్‌వే ఇది.
ఇప్పుడు పగుళ్ల నిండా గడ్డి,
ఏడాదికి రెండు ఆదివారాలు మాలాంటివాళ్లు.
లింకన్‌షైర్‌లో ఏప్రిల్ గాలికి మొహమాటం లేదు,
ఎవరి చొక్కాలోకైనా చెయ్యి పెట్టేస్తుంది.

ఆరు గంటల రిలే. మావి నాలుగు కార్లు,
నాలుగూ కలిపితే ఒకటిన్నర కారు ఆరోగ్యం.
బార్న్‌బీ మినీకి ఒక తలుపు తెలుపు, ఇంకోటి తుప్పు.
పోస్ట్‌మాన్ గ్విలిం ఇంప్‌కి ఇంజన్ వెనక,
ఏం కాలుతున్నా తోలేవాడికే ఆఖర్న తెలుస్తుంది.
స్కూల్లో వండిపెట్టే మొరీన్‌ది మిడ్జెట్.
ఇక డెన్జిల్ స్కోడా:
దాని గురించి అతని ముందు మాట్లాడం.

నేను డ్రైవర్ని కాను.
పెన్సిలు, స్టాప్‌వాచీ, లాప్‌ల కాగితం నావి.
స్పేర్ పార్టుల కొట్లో బిల్లులు రాసే చేత్తోనే
ఇవీ రాస్తాను.

ఆటకి ప్రాణం ఒక గుడ్డపట్టీ.
అది ఎవరి భుజాన ఉంటే వాళ్ల చుట్టే లెక్క,
లేనివాడు ఎంత తోలినా పెట్రోలు దండగ.
మొరీన్ పాత కర్టెన్ చించి కుట్టింది,
ఆకుపచ్చది, ఒక అంచున ఎండకి వెలిసింది.
మూడు వారాలు సూపర్‌మార్కెట్ వెనక
చేతులు మార్చడం సాధన చేశాం.
ఎనిమిది సెకన్లు, లెక్కపెట్టి మరీ.

ఈ రోజు మొదటి మార్పుకే నలభై ఒకటి.
పట్టీ గేరు రాడ్డుకి చుట్టుకుంది,
బార్న్‌బీ మెడా దాంతో పాటు.

మూడో గంటలో వాన.
ఇంప్ చుట్టుకి రెండు నిమిషాలా పది తీసుకుంటోంది.
రెండూ పది.
రెండూ నలభై.
మూడు దాటింది. పెన్సిలు ఎత్తి పట్టుకున్నాను,
కాగితాన్ని ముట్టనివ్వలేదు.
పక్క పిట్టులో ఒకే రంగు జాకెట్లవాళ్లు
మా వైపు చూడకుండా ఉండటానికి కష్టపడుతున్నారు.

అప్పుడు కనిపించాడు.
కంచె లోపల, తడి గడ్డి మీద,
యాభై ఎనిమిదేళ్ల మనిషి పరుగెత్తి వస్తున్నాడు.
హెల్మెట్ ఇంకా తలమీదే,
తియ్యాలంటే ఆగాలి కదా.
ముప్పై ఏళ్లుగా ఎవరెవరివో కబుర్లు
ఏ వానలోనూ తడవనివ్వని కాళ్లు అవి,
ఈ కబురు మాత్రం నానిపోయి
నడుముకి అతుక్కుంది.
కారు దూరంగా, ఆవిరి కక్కుతూ,
దిగిపోయిన యజమానిని చూస్తూ నిలబడింది.

పక్క పిట్టు పెద్దాయన ఏమీ అనలేదు.
తన జాకీని కాలితో పక్కకి జరిపాడు,
దారికి అడ్డం రాకుండా.

గ్విలిం వచ్చాడు. మాట రాలేదు.
ముడి విప్పుకోవడానికి వేళ్లు వంగలేదు.
మొరీన్ విప్పింది, రెండొందల మంది పిల్లలకి
బంగాళదుంపలు తొక్క తీసే వేళ్లతో.
విప్పుతూనే ఎక్కేసింది, తలుపు ఆమె తర్వాత మూసుకుంది.

నా కాగితంలో 'కారు' అన్న గడి ఉంది.
ఆ చుట్టుకి ఎదురుగా
'గ్విలిం' అని రాశాను.
అధికారులు చదివి సంతకం పెట్టారు.

ముప్పై మూడు జట్లలో ఇరవై తొమ్మిదోది మాది.
ఆఖరి గంట మొత్తం డెన్జిల్‌దే,
స్కోడా ఒక్కసారి దగ్గలేదు.
ఇక దాని గురించి అతని ముందే మాట్లాడతాం,
తప్పించుకోలేడు.

చీకటి పడుతుంటే ఇంప్‌ని తాడు కట్టి లాక్కొచ్చారు.
వెనక మూత ఎత్తి బార్న్‌బీ టార్చి వేశాడు.
పగిలింది జానెడు రబ్బరు గొట్టం.
మా కొట్లో మూడో అలమారు, కింది అర.
డజన్లు ఉంటాయి. నిన్న దుమ్ము దులిపాను కూడా.

ఎవరూ నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు.
గ్విలిం తలుపు అంచున కూర్చుని
ఒక్కో బూటూ వంచి నీళ్లు పారబోస్తున్నాడు,
టీ కప్పు ఖాళీ చేసినంత నింపాదిగా.
"వచ్చే ఏడు" అన్నాడు, ఎవరితోనూ కాదు.

ఇంటికి వెళ్తూ వ్యానులో,
లాప్‌ల కాగితం వెనక వైపు జాబితా మొదలెట్టాను.
ఒకటి: గొట్టాలు, రెండు.
రెండు: గ్విలింకి కొత్త బూట్లు.
ఆలోచించి,
రెండోదాన్ని పైకి మార్చాను.